ఏ టెస్టు వెయ్యాలి? ఒక వదినా మరదళ్ల సంవాదం

వదిన డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైంది. మరదలు బీఎడ్ కాలేజీలో లెక్చరరు, ఎంఎడ్ విద్యార్థుల డిసర్టేషన్లకు గైడు. గ్రూపుల సగటు మార్కులు పోల్చడానికి ఏ టెస్టు వెయ్యాలన్న విషయంలో ఇద్దరికీ బొత్తిగా పడదు. మరదలి డిపార్ట్‌మెంటు గోడమీద ఒక పట్టిక అంటించి ఉంది: గ్రూపులు రెండైతే టి-టెస్టు, మూడూ ఆ పైన అయితే అనోవా, మార్కులు నార్మల్‌గా లేకపోతే మాన్-విట్నీ, క్రుస్కల్-వాలిస్, ముందూ తర్వాతా ఒకే పిల్లలైతే జతల టి-టెస్టు. తగవంతా దాని గురించే. మాటలు నేను కల్పించినవి. వాదాలు మాత్రం మన విద్యా విభాగాల్లో రోజూ వినపడేవే. మధ్యలో బ్రాకెట్లలో గొణిగేది నేను.

మరదలు: ముందే చెప్పేస్తున్నా వదినా, ఆ పట్టిక నేను తీసెయ్యను. సబ్మిషన్ దగ్గర పడేసరికి పిల్లలంతా "ఏ టెస్టు వెయ్యమంటారు మేడం" అంటూ గుమ్మం దగ్గర నిలబడతారు. ఒక్కొక్కరికీ గంటసేపు పాఠం చెప్పే తీరిక నాకెక్కడిది? పట్టిక లేనప్పుడు ఏం చేసేవారో తెలుసా? ఐదు రకాల స్కూళ్లు తీసుకుని, జతకొకటి చొప్పున పది టి-టెస్టులు వేసేవారు. వాటిలో ఒకటో రెండో సార్థక భేదాలు తగిలితే చాలు, వాటిమీద ఒక అధ్యాయం రాసేసేవారు.

వదిన: పది టెస్టుల సంగతిలో నీతో నాకు పేచీ లేదు. లేని తేడా ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఒక్కో టెస్టుకి నూటికి ఐదు అని ఒప్పుకునే దిగుతాం. ఆ పదీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, కనీసం ఒక్కటైనా మనల్ని మోసగించే అవకాశం నూటికి 40. మూడు జతలకే 14 దాటుతుంది. అందుకే ముందు అనోవా, తర్వాత టూకీ టెస్టు. అక్కడ నీ పట్టిక మంచి పనే చేసింది.

మరదలు: మరింకేం? గొడవ తీరిపోయిందిగా.

వదిన: తీరలేదు. నీ పట్టిక మొదట అడిగేది గ్రూపులెన్ని అని. నేను మొదట అడిగేది ఆ పిల్లలు ఆ గ్రూపుల్లోకి ఎలా వచ్చారని. గ్రూపుల లెక్క గురించి మీరు పడేంత హైరానా అక్కర్లేదు. రెండు గ్రూపులున్నప్పుడు అనోవా వేశావనుకో, వచ్చే ఎఫ్ విలువ అచ్చంగా టి విలువకు వర్గం. పి-విలువ అదే. మీ వాళ్లు వైవాలో "రెండు గ్రూపులకి ఎఫ్ ఎలా వేశావు" అని కుర్రాణ్ని నిలదీస్తారే, అది వట్టి దండగ ప్రశ్న.

(నిజమే. ఆ ప్రశ్నకు చెమటలు పట్టిన వాళ్లను నేనెరుగుదును.)

మరదలు: సరే, గ్రూపులు వదిలెయ్. మార్కులు నార్మల్‌గా ఉన్నాయో లేదో చూడాలా వద్దా? మా వాళ్లు షాపిరో-విల్క్ వేస్తారు. పి-విలువ 0.05 కంటే తగ్గితే మాన్-విట్నీకి పోతారు. ఇందులో తప్పేముంది?

వదిన: ఆ షాపిరో-విల్క్ అవసరమైన చోట మూగబోతుంది, అక్కర్లేని చోట కేకలేస్తుంది. పన్నెండు మంది పిల్లలుంటే మార్కులు ఎంత వంకరగా పరుచుకున్నా చాలాసార్లు పట్టుకోలేదు. మూడొందల మంది ఉంటే కాస్త వంకరకే గోల పెడుతుంది. తీరా చూస్తే, అంతమంది ఉన్నప్పుడు ఆ కాస్త వంకర వల్ల సగటుల పోలికకు వచ్చే ముప్పేమీ లేదు. పైగా మాన్-విట్నీ పోల్చేది సగటుల్ని కాదు.

మరదలు: సగటులు కాదని తెలుసు, మధ్యగతాలు.

వదిన: అదీ ఎప్పుడూ కాదు. రెండు గ్రూపుల మార్కులూ ఒకే రూపంలో పరుచుకుని, ఒకటి పక్కకి జరిగినట్టుంటేనే ఆ మాట చెల్లుతుంది. కాగితం తీసుకో. ఒక గ్రూపులో ఐదుగురికీ 50 చొప్పున వచ్చాయి. రెండో గ్రూపులో నలుగురికి 45, ఒకడికి 70. రెండింటి సగటూ 50. ఇప్పుడు ఇటునుంచి ఒకణ్ని, అటునుంచి ఒకణ్ని పక్కపక్కన నిలబెట్టు. 25 జతలొస్తాయి. 20 జతల్లో మొదటి గ్రూపువాడిదే పైచేయి. మాన్-విట్నీ చూసేది ఆ 20ని. నీ విద్యార్థి శూన్య పరికల్పనలో "సగటుల మధ్య సార్థక భేదం లేదు" అని రాసి, చివర ఈ టెస్టు వేస్తే అడిగిందొకటి, చెప్పిందొకటి అవుతుంది. ఎవరిది పైచేయి అన్నదే అసలు ప్రశ్నయితే, అదే వెయ్యాలి. సందేహం లేదు.

మరదలు: అయితే నార్మాలిటీ మానేసి దేన్ని చూడమంటావు?

వదిన: మార్కుల చెదురు చూడు. గ్రూపులు చిన్నా పెద్దా అయినప్పుడు మరీనూ. చిన్న గ్రూపులో చెదురు ఎక్కువగా, పెద్ద గ్రూపులో తక్కువగా ఉంటే మామూలు టి-టెస్టు లేని తేడాల్ని మితిమీరి చూపిస్తుంది. అది తిరగబడితే ఉన్న తేడాని దాచేస్తుంది. వెల్చ్ 1947 నాటికే దీనికి విరుగుడు చూపించాడు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో టి-టెస్టు వేస్తే రెండు వరుసలొస్తాయి కదా, విస్తృతులు సమానమనుకుంటే ఒకటి, అనుకోకపోతే ఒకటి. మీ వాళ్లు కళ్లు మూసుకుని పై వరుస దింపుకుంటారు. కింది వరుస దింపుకోమను. విస్తృతులు నిజంగా సమానమైనా పోయేది పెద్దగా ఏమీ ఉండదు. ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప వెల్చ్ టెస్టే వస్తుంది.

మరదలు: ఇది బాగుంది. ఇలా ఒక్క ముక్కలో చెబితే పట్టికలో చేర్చుకుంటాను. కానీ నీ అసలు ధోరణి అది కాదు వదినా. నువ్వు పట్టికే వద్దంటావు, ఆలోచించమంటావు. ఆలోచించమంటే ఏమవుతుందో నేను చూశాను. నాలుగు టెస్టులూ వేసి చూస్తారు, ఏది సార్థకమంటే అదే నా ఆలోచన అంటారు. పట్టిక ఉంటే ఆ ఆటలు సాగవు. మీకు నిబంధన అంటే చిన్నచూపు. నాకది కాపలా.

(ఇక్కడ మరదలికి మార్కులు వెయ్యాలి. అనుభవజ్ఞుడి విచక్షణ అనే పేరుతో జరిగే బేరసారాలు తక్కువేమీ కావు.)

వదిన: కాపలా కావాలి, ఒప్పుకుంటాను. అయితే కాపలాదారు దొంగతనానికి ముందు రావాలి. డేటా చూశాక నార్మలా కాదా అని తేల్చుకుని, అప్పుడు టెస్టు ఎంచుకోమనేది నీ పట్టికే. సినాప్సిస్‌లోనే "నేను వెల్చ్ వేస్తాను" అని రాయించు, కాపలా గట్టిపడుతుంది. అంతకంటే ముందు నీ పట్టిక అడగని సంగతి ఒకటుంది. కొత్త బోధన పద్ధతి మీద మీ వాళ్లు చేసే ప్రయోగం ఎలా ఉంటుందో ఒకసారి చెప్పు.

మరదలు: ఏముంది, ఎనిమిదో తరగతి ఎ సెక్షన్ ప్రయోగ సమూహం, బి సెక్షన్ నియంత్రిత సమూహం. ప్రీటెస్టు, ఆరు వారాల బోధన, పోస్టుటెస్టు. ఎ సెక్షన్‌కి జతల టి-టెస్టు వేస్తే సార్థకం వచ్చింది, బి సెక్షన్‌కి రాలేదు. కాబట్టి కొత్త పద్ధతి మెరుగు.

వదిన: ఆ "కాబట్టి" దగ్గరే ఆగు. ఎ సెక్షన్ సగటున 6 మార్కులు పెరిగింది, స్టాండర్డ్ ఎర్రర్ 2.5 అనుకో. టి 2.4, సార్థకం. బి సెక్షన్ 4 మార్కులు పెరిగింది, ఎర్రర్ అంతే. టి 1.6, సార్థకం కాదు. మరి రెండు పెరుగుదలల మధ్య తేడా ఎంత? 2 మార్కులు. దాని స్టాండర్డ్ ఎర్రర్ 3.5. టి 0.57. నీ ప్రశ్నకు జవాబు ఈ 0.57. దాన్ని ఎవరూ లెక్కే కట్టలేదు. ఒకటి గీత దాటి ఇంకొకటి దాటకపోతే ఆ రెండింటి మధ్య తేడా ఉన్నట్టు కాదు.

మరదలు: (కాస్త ఆగి) ఇది ఒప్పుకోక తప్పదు. అయితే ప్రీటెస్టుని కోవేరియేట్‌గా పెట్టి ఆంకోవా వేయిస్తాను. చాలా?

వదిన: పిల్లల్ని చీటీలు తీసి పంచి ఉంటే ఆంకోవా దివ్యంగా పనిచేస్తుంది. ముందునుంచే వేరువేరుగా ఉన్న సెక్షన్లయితే అనుమానమే. ఫ్రెడరిక్ లార్డ్ 1967లో ఒక చిక్కుముడి పెట్టాడు. యూనివర్సిటీ మెస్సు భోజనం తిన్న అబ్బాయిల, అమ్మాయిల బరువులు సెప్టెంబరులో ఒకసారి, జూన్‌లో ఒకసారి. ఒక స్టాటిస్టీషియన్ పెరుగుదలలు చూసి, ఎవరి సగటూ మారలేదు, తేడా ఏమీ లేదన్నాడు. ఇంకొకడు ఆంకోవా వేసి, ఒకే బరువుతో మొదలైన వాళ్లలో అబ్బాయిలే ఎక్కువ పెరిగారన్నాడు. డేటా ఒకటే, లెక్కల్లో ఎవరూ తప్పలేదు. గ్రూపులు మొదటినుంచీ వేరైతే ఏ టెస్టు సరైనదో టెస్టుల పుస్తకం చెప్పదు.

మరదలు: అయితే ఏం చెయ్యమంటావు? తర్వాత ప్రశ్నేంటో అడుగు.

వదిన: ఇందులో ఎన్ని ఉన్నాయి అని అడుగుతాను.

మరదలు: ఎన్ని ఉండటమేంటి? సెక్షన్‌కి యాభై మంది, మొత్తం వందమంది పిల్లలు.

వదిన: పిల్లలు వంద. పద్ధతి మారింది ఎన్ని చోట్ల? ఒక చోట. ఎ సెక్షన్‌కి ఒక టీచరు, ఒక గది, ఒక టైంటేబులు, తోటివాళ్ల ఒక సహవాసం. ఒకే కుండలోంచి యాభై మెతుకులు పట్టి చూసినా తెలిసేది ఆ కుండ సంగతే. ఆ టీచరు మంచిదా, ఆ పద్ధతి మంచిదా అని నువ్వు విడదీయలేవు. ఇందులో తప్పు టెస్టుది కాదు. ఆ ప్రశ్నకి అక్కడ టెస్టే లేదు.

మరదలు: ఇది మరీ అతి వదినా! మా గారెట్ స్టాటిస్టిక్స్ పుస్తకంలో అలా ఎక్కడా రాయలేదు. లోకమంతా పిల్లల్నే లెక్కపెడుతుంటే నువ్వొక్కదానివి గదుల్ని లెక్కపెడతానంటావు.

వదిన: నేనొక్కదాన్నే కాదు. అయోవాలో లిండ్‌క్విస్ట్ విద్యా పరిశోధకుల కోసం 1940లో రాసిన పుస్తకంలోనే ఈ హెచ్చరిక ఉంది. వినకపోతే ఏమవుతుందో చెబుతాను. 1976లో ఇంగ్లండులో నెవిల్ బెనెట్ "టీచింగ్ స్టైల్స్ అండ్ ప్యూపిల్ ప్రోగ్రెస్" అని ఒక పుస్తకం వేశాడు. 37 మంది టీచర్లు. కొందరు పాతకాలపు క్రమశిక్షణతో చెప్పేవాళ్లు, కొందరు పిల్లల ఇష్టానికి వదిలేవాళ్లు, కొందరు మధ్యరకం. క్రమశిక్షణతో చెప్పే పద్ధతికే మొగ్గుందని తేల్చాడు. ఆ దేశంలో అది పెద్ద దుమారం. పత్రికలు, రాజకీయ నాయకులు, అందరూ దాన్నే పట్టుకున్నారు. అయితే లెక్కల్లో ఒక్కొక్క పిల్లాణ్నీ విడివిడిగా లెక్కపెట్టారు, తరగతులుగా గుంపుకట్టి ఉన్నారన్నది పట్టించుకోలేదు. 1981లో ముర్రే ఐట్కిన్, అతని సహచరులు ఆ గుంపుల్ని లెక్కలోకి తీసుకుని మళ్లీ కట్టారు. ఆ సార్థక భేదాలు మాయమయ్యాయి. ఇంకో విశేషం. ఆ పునర్విశ్లేషణ వ్యాసాల్లో ఒకదానికి బెనెట్ కూడా సహరచయిత.

(తన పుస్తకానికే ఎదురు వెళ్లే లెక్క మీద సంతకం పెట్టిన మనిషి. ఇలాంటివాళ్లు మన వైవా బోర్డుల్లో ఇంకొందరుంటే బాగుండును.)

మరదలు: అయితే క్రమశిక్షణ పద్ధతి మంచిదా కాదా తేలిందా?

వదిన: తేలలేదు. తేడా ఉందని చూపించలేకపోయారు, అంతే.

మరదలు: చూశావా! మీ వాళ్లొచ్చి ఉన్న జవాబు పోగొట్టారు, కొత్తది ఇవ్వలేదు.

వదిన: ఉన్నది జవాబు కాదు, పిల్లల తలలు ఎక్కువ లెక్కపెట్టడం వల్ల పుట్టిన ధీమా. అంకె చూడు. ఆరు సెక్షన్లు, సెక్షన్‌కి యాభై చొప్పున మూడొందల మంది. మార్కుల్లో ఉన్న తేడాల్లో ఐదో వంతు సెక్షన్ల మధ్యది అనుకో, అంటే 0.2. విస్తృతి ఒకటికి 49 ఇంటూ 0.2 కలిపినంత, అంటే 10.8 రెట్లు ఉబ్బుతుంది. 300ని 10.8తో భాగించు. నీ మూడొందల మంది ఇచ్చే సమాచారం సుమారు 28 మంది విడి పిల్లలిచ్చేంత. నువ్వేమో మూడొందల మంది ఉన్నారని టి పట్టిక తెరుస్తావు.

మరదలు: లెక్క సరే. కానీ నువ్వడిగినట్టు చెయ్యాలంటే యాభై స్కూళ్లు కావాలి. మా ఎంఎడ్ అమ్మాయికి బస్సు చార్జీలకే కష్టం. ఒక హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడితే ఒక స్కూలు దొరుకుతుంది. నీ నియమం పాటిస్తే డబ్బున్నవాళ్లే పరిశోధన చెయ్యాలి.

వదిన: పెద్ద ప్రయోగాలకు డబ్బు కావాలన్నది నిజం. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో మొదలైన అధ్యయనం ఉంది, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లది. 50 మండలాలు, మండలానికి పది చొప్పున 500 పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. మండలంలోని పదింటినీ లాటరీ వేసి ఐదు రకాలుగా, రెండేసి చొప్పున పంచారు. కొన్నిటిలో ఫలితాన్ని బట్టి టీచరుకి బోనస్, కొన్నిటిలో స్కూలు మొత్తానికి బోనస్, కొన్నిటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, కొన్నిటికి నగదు గ్రాంటు, మిగిలినవాటికి ఏమీ లేదు. రెండేళ్లకు బోనస్ స్కూళ్ల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారని 2011లో ప్రచురించారు. స్టాండర్డ్ ఎర్రర్లు పిల్లల లెక్కన కాదు, స్కూళ్ల లెక్కన కట్టారు. తేడా ఉందని ఊరుకోకుండా ఎంత ఉందో చెప్పారు, అది కూడా గమనించు. మీ డిసర్టేషన్లలో 0.05 దగ్గర స్టార్ గుర్తు పెట్టి ఊరుకుంటారు.

మరదలు: ప్రపంచ బ్యాంకు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వెనకుంటే నేనూ 500 స్కూళ్లు తిరుగుతాను.

వదిన: డబ్బుంటే సరిపోదులే. నీ టి-టెస్టు కనిపెట్టిన గోసెట్, అదే స్టూడెంట్ అనే పేరుతో 1908లో రాసినాయన, 1931లో ఒక వ్యాసం రాశాడు. అంతకు ముందు ఏడాది స్కాట్లండులోని లానార్క్‌షైర్‌లో బడి పిల్లలకు రోజూ పాలు పోస్తే బరువు, ఎత్తు పెరుగుతాయా అని ప్రయోగం చేశారు. 67 స్కూళ్లు, 20,000 మంది పిల్లలు. పదివేల మందికి పాలు, పదివేల మందికి లేవు. ఎవరికి పొయ్యాలో చీటీ పద్ధతిలోనో అక్షరక్రమంలోనో తేల్చారు. అయితే గ్రూపులు సమంగా లేవనిపిస్తే టీచర్లు పిల్లల్ని మార్చుకోవచ్చన్నారు. వాళ్లూ మనుషులే కదా, బక్కచిక్కిన పిల్లలవైపు మనసు లాగింది. చివరికి పాలు రాని గ్రూపు మొదట్లోనే ఎత్తులో, బరువులో ముందుంది. పైగా బట్టలతోనే తూచారు, ఫిబ్రవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. ఉన్నవాళ్ల పిల్లలు చలికాలపు బరువు బట్టలు విప్పేసి తేలికయ్యారు. ఒక్కో స్కూలుకి పచ్చి పాలో, పాశ్చరైజ్ చేసిన పాలో ఏదో ఒక రకమే పంపారు కాబట్టి ఆ రెండింటి మధ్య పోలికలో స్కూళ్ల తేడా కలిసిపోయింది. ఇరవై వేల మందికి బదులు 50 జతల అచ్చుగుద్దిన కవలలతో చేసి ఉంటే ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ అని రాశాడు. చూశావుగా, టి-టెస్టుకి తండ్రి అంతటివాడు టెస్టు జోలికి పోకుండా పంపకం దగ్గరే పట్టుకున్నాడు.

మరదలు: కవలల్ని నేనెక్కడ తేను? ఒక్క స్కూలున్న అమ్మాయికి ఏం చెబుతావో అది చెప్పు.

వదిన: చెబుతాను. సెక్షన్లను ముట్టుకోవద్దు. ఒకే సెక్షన్‌లో చీటీలు తీసి పిల్లల్ని రెండుగా విడగొట్టమను, వర్క్‌షీటు రకం మార్చి ఇవ్వమను. వర్క్‌షీట్లు ఒక్కొక్కరూ విడిగా చేసుకునేలా ఉంటే ప్రతి పిల్లాడూ ఒక లెక్కే, వెల్చ్ టెస్టు చాలు, ప్రీటెస్టు ఉంటే ఆంకోవా ఇంకా బాగు. సెక్షన్లు విడగొట్టడానికి వీల్లేని పద్ధతైతే తిప్పి వెయ్యమను. భిన్నాలు ఎ సెక్షన్‌కి కొత్త పద్ధతిలో, బి సెక్షన్‌కి పాత పద్ధతిలో. జ్యామితి దగ్గర తారుమారు. దీనివల్ల పూర్తి నిర్ధారణ రాదు, టీచరు ప్రభావం మాత్రం ఒకే వైపు పడదు. అదీ కుదరకపోతే సగటులు, చెదురు, పెరుగుదలలు రాసి ఊరుకోమను. టెస్టు వెయ్యనక్కర్లేదు.

మరదలు: టెస్టు లేని డిసర్టేషన్ మా బోర్డు ఆఫ్ స్టడీస్ ముందు పెడితే నన్ను గది దాటనివ్వరు. పరికల్పనలు ఎనిమిది కావాలంటారు, పట్టికలు పాతిక కావాలంటారు.

వదిన: దాని మీదే కదా నా కోపం, నీ మీద కాదు. నువ్వు వాళ్లని ఎదిరించకుండా పట్టిక అంటించావు.

మరదలు: ఎదిరించడం తేలిక వదినా, రిటైరైనవాళ్లకి. నేను చెయ్యగలిగింది చేస్తాను. పట్టిక తీయను. మొదటి వరుసలో గ్రూపుల సంఖ్య తీసేసి, పిల్లలు ఎలా వచ్చారు, విడివిడిగా వచ్చారా తరగతులుగా వచ్చారా అని పెడతాను. తరగతులుగా వచ్చి, గ్రూపుకి ఒక్కో తరగతే ఉంటే "గైడుని కలవండి" అని రాస్తాను.

వదిన: కలిస్తే ఏం చెబుతావు?

మరదలు: తిప్పి వెయ్యమని. వినకపోతే సినాప్సిస్ మీద సంతకం పెట్టను. చాలా?

వదిన: నార్మాలిటీ వరుస?

మరదలు: అది ఉంటుంది. దాని మీద ఇంకో రోజు పోట్లాడదాం.

నార్మాలిటీ వరుస దగ్గర నేను వదిన పక్షమే. పట్టిక ఉండాలా వద్దా అన్నచోట మరదలి పక్షం. ఎంఎడ్, పీహెచ్‌డీ గైడులకు ఒక విన్నపం. ఈ ఏడాది సినాప్సిస్ ఫారంలో రెండు గళ్లు చేర్చండి: ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో ఎలా తేల్చారు, గ్రూపుకి ఎన్ని తరగతులు లేదా ఎన్ని స్కూళ్లు. వెయ్యబోయే టెస్టు పేరు కూడా ఆ పక్కనే రాయించి, డేటా సేకరణకు ముందు తేదీతో సంతకం పెట్టించండి. అదనంగా అయ్యే ఖర్చు అర కాగితం.